కోణాలు ఎటు తిరిగినా చెక్కుచెదరని మాట్రిక్సులు

ఒక మాట్రిక్స్ నాన్‌సింగ్యులర్ అవునా కాదా ఎలా తెలుస్తుంది అని అడిగితే మనందరి నోటా వచ్చే జవాబు ఒక్కటే: డిటర్మినెంట్ సున్నా కాకపోతే అవును. ఎం-వన్‌లో రాయించారు, మిడ్‌లో అడిగారు, మార్కులు కూడా వేశారు. జవాబులో తప్పేమీ లేదు. కానీ నిజంగా కూర్చుని ప్రోగ్రామ్ రాసేవాళ్లకి అది పెద్దగా పనికిరాదు.

ఎందుకో చూడండి. 400 అడ్డు వరసలు, 400 నిలువు వరసలు ఉన్న మాట్రిక్స్ తీసుకుందాం. డయాగనల్ మీద అన్నీ 0.1, మిగతా చోట్లన్నీ సున్నాలు. ఇంతకంటే మంచి బాలుడు లాంటి మాట్రిక్స్ ఇంకోటి ఉండదు. దీని ఇన్వర్స్ నోటితో చెప్పెయ్యొచ్చు, డయాగనల్ మీద అన్నీ 10. మరి డిటర్మినెంట్? 0.1ని 400 సార్లు గుణించాలి, అంటే దశాంశ బిందువు తర్వాత 399 సున్నాలు పెట్టి ఒక 1. మన కంప్యూటర్లలోని డబుల్ టైపు సంఖ్యకి అంత చిన్నది పట్టదు. దాని అడుగు సుమారు 10 పవర్ మైనస్ 324 దగ్గరే ఉంది. కాబట్టి పైథాన్ నిక్షేపంగా సున్నా అని చెప్తుంది. "డిటర్మినెంట్ సున్నా అయితే ఎర్రర్ చూపించు" అని కోడ్‌లో రాసి ఉంటే, ఏ పాపం ఎరగని మాట్రిక్స్‌కి శిక్ష పడుతుంది.

ఇటు తిప్పినా గొడవే. 1 నుంచి 9 దాకా అంకెలు వరసగా పేర్చిన 3×3 మాట్రిక్స్ కచ్చితంగా సింగ్యులర్. అయినా రౌండింగ్ వల్ల చాలాసార్లు డిటర్మినెంట్ 10 పవర్ మైనస్ 16 స్థాయిలో ఏదో చిన్న సంఖ్య వస్తుంది. "సున్నా కాదుగా" అని ప్రోగ్రామ్ ముందుకి పోతుంది.

అందుకని వేరే రకం పరీక్ష కావాలి. డిటర్మినెంట్ జోలికి పోకుండా, మాట్రిక్స్‌ని చూసి, కాస్త కూడికలు చేసి, "ఇది నాన్‌సింగ్యులరే, నాది పూచీ" అని చెప్పగలిగే పరీక్ష. అలాంటిది ఒకటుంది. మీకు దాని పేరు తెలుసు కూడా. గాస్–సైడల్ లెక్క మొదలుపెట్టే ముందు "ఇచ్చిన సిస్టమ్ డయాగనల్లీ డామినెంట్" అని ఒక లైను రాసి ముందుకెళ్లిపోతాం కదా, అదే. ఆ లైనులో ఎంత సరుకుందో మనకెవరూ చెప్పలేదు.

ముందు ఒక చిన్న మాట. ఇక్కడ మన మాట్రిక్సుల్లో సంకీర్ణ సంఖ్యలు ఉంటాయి. మైనస్ ఒకటి వర్గమూలాన్ని 'ఐ' అని రాస్తాను. సంకీర్ణ సంఖ్యల్లో ఏది పెద్ద, ఏది చిన్న అనే ప్రశ్నకి అర్థం లేదు. 2 పెద్దదా, 3ఐ పెద్దదా అంటే జవాబు లేదు. కానీ ప్రతి సంకీర్ణ సంఖ్యకీ సున్నా నుంచి ఒక పొడవు, ఒక కోణం ఉంటాయి. 3+4ఐ పొడవు 5. పొడవుల్ని మాత్రం పోల్చొచ్చు. ఈ వ్యాసం మొత్తం పొడవులకీ కోణాలకీ మధ్య నడిచే కథే.

సిద్ధాంతం ఇది: ప్రతి అడ్డు వరసలోనూ డయాగనల్ మీదున్న సంఖ్య పొడవు, ఆ వరసలోని మిగతా సంఖ్యల పొడవుల మొత్తం కంటే ఎక్కువగా ఉంటే ఆ మాట్రిక్స్ నాన్‌సింగ్యులర్. సమానంగా ఉంటే చాలదు, ఎక్కువే ఉండాలి.

ఉదాహరణకి:

3+4ఐ    2    −ఐ
1+ఐ    −4    2
ఐ    1−ఐ    3ఐ

మొదటి వరసలో 5 ఒకవైపు, 2+1 అంటే 3 ఇంకోవైపు. రెండో వరసలో 4 ఒకవైపు, 1.414+2 అంటే 3.414 ఇంకోవైపు. మూడో దాంట్లో 3కి ఎదురు 1+1.414, అంటే 2.414. మూడు చోట్లా డయాగనల్‌దే పైచేయి. అయిపోయింది, నాన్‌సింగ్యులర్. నమ్మకం లేకపోతే డిటర్మినెంట్ చేసి చూడండి, 44−42ఐ వస్తుంది. అది చెయ్యడానికి నాకు అరపేజీ పట్టింది. పొడవులు పోల్చడానికి పట్టినది ఒక నిమిషం. 3×3కే ఇలా ఉంటే 300×300 సంగతి ఊహించుకోండి.

దీని ప్రూఫ్ నాలుగు లైన్లే, అదీ చాలా అందమైనది. మాట్రిక్స్ పేరు ఎ అనుకుందాం. అది సింగ్యులర్ అయితే, అన్నీ సున్నాలు కాని ఎక్స్ అనే వెక్టర్ ఒకటి ఉండి, ఎని ఎక్స్‌తో గుణిస్తే సున్నా రావాలి. ఆ ఎక్స్‌లోని సంఖ్యల్లో అందరికంటే పొడవైనవాణ్ణి పట్టుకోండి. వాడు ఐదో స్థానంలో ఉన్నాడనుకుంటే, మాట్రిక్స్‌లో ఐదో వరస దగ్గరికి వెళ్లండి. ఆ వరస మొత్తం సున్నా అవ్వాలి. అంటే డయాగనల్ సంఖ్యని ఆ పొడవైనవాడితో గుణించగా వచ్చినదాన్ని మిగతావాళ్లంతా కలిసి రద్దు చెయ్యాలి. కానీ మిగతా గుణకాల పొడవులన్నీ కలిపినా డయాగనల్ కంటే తక్కువ. వాటితో గుణింపబడే ఎక్స్ విలువలు కూడా వీడికంటే పొడవైనవి కావు. ఇక రద్దు ఎలా అవుతుంది? అవ్వదు. కాబట్టి అలాంటి ఎక్స్ లేదు.

గమనించారా, ఈ ప్రూఫ్‌లో కోణాల ఊసే రాలేదు. పై ఉదాహరణలో ఏ సంఖ్యనైనా దాని పొడవు అలాగే ఉంచి మీకు నచ్చినంత కోణం తిప్పండి. తొమ్మిదింటినీ తొమ్మిది రకాలుగా తిప్పండి. అయినా మాట్రిక్స్ సింగ్యులర్ కాదు. విలువల్ని కాస్త మార్చినా అంతే. అక్కడ అతి తక్కువ తేడా 3−2.414, సుమారు 0.586. ఏ వరసలోనైనా చేసే మార్పుల పొడవులు కలిపి అంతకు తక్కువే ఉంటే డామినెన్స్ చెడదు. రౌండింగ్ ఎర్రర్లు 10 పవర్ మైనస్ 16 స్థాయివి, వాటి బెదిరింపు దీని ముందు పనిచెయ్యదు. డిటర్మినెంట్ ఇవ్వలేని భరోసా ఇదే.

తేడా సున్నా అయితే, అంటే రెండు వైపులా సమానమైతే, కథ మారిపోతుంది. ఈ రెండూ చూడండి:

1    ఐ
ఐ    −1

1    ఐ
ఐ    1

రెండింట్లోనూ పొడవులన్నీ 1. మొదటి దాని డిటర్మినెంట్ −1−(ఐ×ఐ), అంటే సున్నా. రెండోదానిది 1+1, అంటే 2. పొడవులు ఒకటే, జాతకాలు వేరు. ఇక్కడ కోణాలు నిర్ణయిస్తున్నాయి.

సమానం వచ్చిన ప్రతిసారీ చేతులెత్తేయక్కర్లేదు. ఒక వరసలో తీగలా కట్టిన బిందువుల మాట్రిక్స్ మీరు చూసే ఉంటారు. డయాగనల్ మీద 2, దాని రెండు పక్కలా −1, మిగతావి సున్నాలు. మధ్య వరసల్లో 2కి ఎదురు 1+1, సరిగ్గా సమానం. మొదటి, చివరి వరసల్లో మాత్రం 2కి ఎదురు 1 ఒక్కటే. ఇది నాన్‌సింగ్యులరే. డిటర్మినెంట్ కూడా తెలుసు: వరసల సంఖ్యకి ఒకటి కలిపితే చాలు. కారణం ఏమిటంటే బిందువులన్నీ ఒకదానికొకటి అందేలా ఉన్నాయి. డేటా స్ట్రక్చర్స్ భాషలో గ్రాఫ్ స్ట్రాంగ్లీ కనెక్టెడ్. పై ప్రూఫ్‌లో పొడవైనవాడు ఒక వరసలో సమానం దగ్గర బతికిపోవాలంటే, పక్కవాళ్లూ అంతే పొడుగ్గా ఉండాలి. వాళ్లు బతకాలంటే వాళ్ల పక్కవాళ్లూ ఉండాలి. అలా పాకుతూ పాకుతూ చివరి వరసకి చేరతాం, అక్కడ దొరికిపోతాం. ఆ చివర్లలోని 2లు తీసి 1లు పెడితే మాత్రం దొరకబట్టే వరసే మిగలదు. అప్పుడు అన్నీ ఒకట్లున్న వెక్టర్ సున్నాకి పోతుంది, మాట్రిక్స్ సింగ్యులర్ అయిపోతుంది.

ఈ కనెక్టెడ్ సంగతిని స్పష్టంగా ముందుకు తెచ్చినవారు ఓల్గా టౌస్కీ. వియన్నాలో నంబర్ థియరీ చదువుకున్న ఆవిడ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో విమానాల పనిలో పడ్డారు. గాలి వేగం పెరిగితే రెక్కలు తమంతట తామే అదరడం మొదలవుతుంది, దాన్ని ఫ్లటర్ అంటారు. అది ఎప్పుడు ప్రమాదమో తెలియాలంటే సంకీర్ణ మాట్రిక్సుల ఐగెన్ విలువలు కావాలి. అప్పటి లెక్క చేత్తో, చిన్న యంత్రాలతో. అసలు విలువలు మొత్తం కట్టకుండా అవి ఎక్కడ ఉండొచ్చో చెప్పగలిగితే ఎంతో శ్రమ తగ్గుతుంది. దానికి 1931లో గెర్ష్‌గోరిన్ ఇచ్చిన వలయాలు పనికొచ్చాయి. ఆ వలయాలు మన సిద్ధాంతానికి ఇంకో ముఖమే. ఒక సంఖ్య ఐగెన్ విలువ అంటే, దాన్ని డయాగనల్ అంతటి నుంచీ తీసేస్తే మాట్రిక్స్ సింగ్యులర్ అవుతుంది. సింగ్యులర్ అయితే ఏదో ఒక వరసలో డామినెన్స్ లేనట్టే. అంటే ఆ సంఖ్య ఆ వరస డయాగనల్ విలువకి, మిగతా పొడవుల మొత్తానికి మించని దూరంలోనే ఉండాలి. డయాగనల్ విలువ కేంద్రం, మిగతా మొత్తం వ్యాసార్ధం, వలయం తయారు.

1949లో టౌస్కీ ఈ విషయం మీద రాసిన వ్యాసానికి పెట్టిన పేరు కూడా భలే ఉంటుంది. మళ్లీ మళ్లీ ఎదురయ్యే సిద్ధాంతం అని ఆ పేరుకి అర్థం. నిజమే, 1881లో లెవీ మొదలు, తర్వాత డెప్లాంక్, మింకోవ్‌స్కీ, 1903లో హడమార్డ్, ఇలా ఎంతమంది చేతుల్లోనో ఇది మళ్లీ మళ్లీ పుట్టింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన భాగానికి వద్దాం. డయాగనల్ డామినెంట్ అయితే కోణాలు ఎటు తిరిగినా నాన్‌సింగ్యులర్ అని చూశాం. మరి వెనక్కి తిప్పి అడిగితే? కొన్ని పొడవులు ఇచ్చారు, కోణాలు ఎవరిష్టం వాళ్లది. ఏ కోణాలు పెట్టినా నాన్‌సింగ్యులర్‌గానే ఉండే పొడవుల పట్టిక ఏది? అలాంటివాటిని ఇక్కడ భద్రమైన పట్టికలు అందాం. డామినెంట్ కానివాటిలో భద్రమైనవి ఉంటాయా?

ఉంటాయి, చిన్న మారువేషంలో. ఈ పట్టిక చూడండి:

2    3
1    4

మొదటి వరసలో 2 కంటే 3 ఎక్కువ, డామినెన్స్ పోయింది. కానీ మొదటి నిలువు వరసని 2తో గుణిస్తే 4, 3 ఒక వరస, 2, 4 ఇంకో వరస. ఇప్పుడు డామినెంటే. నిలువు వరసని గుణించడం అంటే ఆ అన్‌నోన్‌ని కొలిచే యూనిట్ మార్చడమే, మీటర్ల బదులు సెంటీమీటర్లు అన్నట్టు. యూనిట్ మారిస్తే సింగ్యులర్ కానిది సింగ్యులర్ అవ్వదు. అడ్డు వరసల్ని అటూ ఇటూ మార్చినా అంతే, సమీకరణాలు ఏ క్రమంలో రాశామన్నదే తేడా. కాబట్టి అడ్డు వరసలు మార్చి, నిలువు వరసల్ని పాజిటివ్ సంఖ్యలతో గుణించి డామినెంట్ చెయ్యగలిగిన ప్రతి పట్టికా భద్రమే.

1966లో పాల్ కమియాన్, అలన్ హాఫ్‌మన్ చెప్పింది ఏమిటంటే, ఇవి తప్ప ఇంకేవీ భద్రం కావు. పొడవుల వల్ల మాత్రమే నాన్‌సింగ్యులర్ అయ్యే మాట్రిక్సులన్నీ వేషం తీస్తే డయాగనల్లీ డామినెంటే. గాస్–సైడల్ ముందు రాసే ఆ ఒక్క లైను అంత లోతైనది.

ఇది ఎలా వస్తుందో సగం వరకు చెప్తాను, ఆ సగం అగ్గిపుల్లలతో తేలిపోతుంది. వేర్వేరు పొడవులున్న కొన్ని పుల్లలు ఇచ్చి, చివరికి చివర తగిలిస్తూ బయల్దేరిన చోటికే తిరిగి రమ్మంటే ఎప్పుడు వీలవుతుంది? ఒక పుల్ల మిగతావాటన్నిటి మొత్తం కంటే పొడవైతే వీలు కాదు. అలా కాకపోతే ఎప్పుడూ వీలవుతుంది: అన్నిటికంటే పొడవైనది కింద పెట్టండి, మిగతావి తిన్నగా పరిస్తే దానికి సరిపోతాయి లేదా ఎక్కువవుతాయి, ముడిస్తే తగ్గుతాయి, మధ్యలో ఎక్కడో సరిగ్గా అతుకుతాయి. సంకీర్ణ సంఖ్యలు కూడడం అంటే పుల్లలు తగిలించడమే, మొత్తం సున్నా అంటే బయల్దేరిన చోటికి రావడమే.

ఇప్పుడు ఒక పట్టిక భద్రం కాదు అంటే ఏదో ఒక ఎక్స్‌కి ప్రతి వరసా సున్నా అవుతోంది. అంటే ప్రతి వరసలోనూ 'పట్టికలోని పొడవు × ఎక్స్‌లోని పొడవు' అనే పుల్లలు మూసుకుంటున్నాయి. ఎక్స్‌కి ఉన్న కోణాలు మాట్రిక్స్ కోణాల్లో కలిపేసుకోవచ్చు, అవి ఎలాగూ మన చేతిలోనివే. కాబట్టి ప్రశ్న ఇలా మారింది: అన్నీ సున్నాలు కాని, నెగెటివ్ లేని ఎక్స్ ఒకటి ఉందా, దానితో ప్రతి వరసలోనూ ఏ పుల్లా మిగతా మొత్తాన్ని మించకుండా ఉండేలా? కోణాలు మాయమయ్యాయి! మిగిలినవన్నీ సరళ అసమానతలు. 3×3కి తొమ్మిది, 100×100కి పదివేలు. ఇది అచ్చంగా లీనియర్ ప్రోగ్రామింగ్. అనంతమైనన్ని కోణాల మీద ప్రశ్న అడిగితే, సైపైలోని లిన్‌ప్రాగ్‌కి ఇచ్చి జవాబు రాబట్టేంత మామూలు లెక్క అయి కూర్చుంది. ఎక్స్ దొరికితే పట్టిక భద్రం కాదు. దొరకకపోతే, ఆ దొరకకపోవడం నుంచే వరసల మార్పిడినీ గుణించే సంఖ్యల్నీ బయటికి లాగాలి. అది కష్టమైన సగం, అసమానతల డ్యుయాలిటీ కావాలి. హాఫ్‌మన్ ఐబీఎం రీసెర్చ్‌లో పనిచేసినవాడు, లీనియర్ ప్రోగ్రామింగ్ ఆయన సొంత పేట. అందుకే ఆయన చూపు అటు పోయిందనుకుంటాను.

ఒకటి చేసి చూద్దాం. ఈ పొడవులు భద్రమైనవేనా?

1    12    1
4    3    1
1    3    4

మొదటి వరసలో 12ది పైచేయి, కానీ అది డయాగనల్ మీద లేదు. కాబట్టి మొదటి రెండు వరసలు తారుమారు చెయ్యండి. డయాగనల్ మీదికి 4, 12, 4 వచ్చాయి. ఇంకా మొదటి, మూడో వరసల్లో 4కి ఎదురు 3+1, సమానం దగ్గర ఆగింది. మధ్య నిలువు వరసని 3తో భాగించండి. డయాగనల్ మీద అన్నీ 4, మిగతావన్నీ 1. భద్రం.

ఈ పరీక్షకి హద్దు ఎక్కడో కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టవుతుంది. భద్రం కాకపోవడం వేరు, సింగ్యులర్ కావడం వేరు. సిగ్నల్ ప్రాసెసింగ్‌లో వచ్చే 3×3 ఫూరియే మాట్రిక్స్‌లో తొమ్మిది పొడవులూ 1. అన్నీ ఒకట్లున్న మాట్రిక్స్ పొడవులూ అవే, అది శుద్ధ సింగ్యులర్. ఫూరియే మాట్రిక్స్ మాత్రం నాన్‌సింగ్యులర్, లేకపోతే ఎఫ్‌ఎఫ్‌టీ చేసి వెనక్కి రావడమే కుదరదు. దాని బలమంతా కోణాల్లో ఉంది, మన పొడవుల పరీక్ష దానికి ఏ సాయమూ చెయ్యలేదు.

ఈఈఈ వాళ్లకి ఇదే విషయం రోజూ ఎదురవుతుంది. సర్క్యూట్‌లో ఒక నోడ్ దగ్గర డయాగనల్ విలువ అంటే ఆ నోడ్‌కి తగిలిన అడ్మిటెన్సుల మొత్తం. అన్నీ రెసిస్టర్లే అయితే అన్నీ పాజిటివ్, కూడేకొద్దీ డయాగనల్ బలపడుతుంది, గ్రౌండ్‌కి కనెక్షన్ ఉంటే సమానాన్ని దాటే వరస కూడా దొరుకుతుంది. కెపాసిటర్, ఇండక్టర్ వచ్చాయా, ఒకటి 2ఐ, ఇంకోటి −2ఐ కావచ్చు. రెండూ ఒకే నోడ్ నుంచి గ్రౌండ్‌కి పోతే డయాగనల్‌లో వాటి వాటా సున్నా. మాట్రిక్స్ సింగ్యులర్ అయ్యే ఆ ఫ్రీక్వెన్సీకి వాళ్ల పుస్తకంలో పేరు రెజొనెన్స్.

చివరిగా మీకు ఒకటి వదిలేస్తున్నా.

2    2    1
1    2    2
2    1    2

ఇలాగే ఉంచితే డిటర్మినెంట్ 5, కాబట్టి నాన్‌సింగ్యులర్. పొడవులు ఇవే ఉంచి, కోణాలు మాత్రం మార్చి దీన్ని సింగ్యులర్ చెయ్యగలరా? ఎక్స్‌లోని మూడు విలువలూ 1 అనుకుని, మూడు అగ్గిపుల్లలతో మొదలుపెట్టండి. జవాబు వచ్చినవాళ్లు కోణాలతో సహా క్లబ్ మెయిల్‌కి పంపండి.